చుట్టలపెట్టె

గృహిణి భద్రపరుపవలసిన వస్తువులన్నియు నామె వాడుకొనునవి కావు. పెద్దల చేతికఱ్ఱ, కండ్లజోడు, మగవారి కాగితములు మొదలైన వన్నియు నామె కాపుదలలోనే యుండును. కొన్ని యిండ్లలో చుట్టలపెట్టెయు నట్టిదే. చుట్ట త్రాగుట మేలని చెప్పుటకు మేమీ నాలుగు మాటలు వ్రాయుట లేదు. ఇంటనున్న వస్తువు గుణ మెఱుగక చేసిన యుపకార మెట్లు అపకార మగునో మేము స్వయముగా చూచితిమి గనుక వ్రాయుచున్నాము.

కొన్నేండ్ల క్రిందట దూరదేశమున నున్న బంధువులు మా మామగారికి హవానా చుట్టలపెట్టె నొకదానిని తెచ్చి యిచ్చిరి. వారు పండుగకో పబ్బమునకో యొకటి తీసికొని, తక్కినవానిని బీరువాపై నుంచెడివారు. వేసవి నడుమకు వచ్చుసరికి అవి ముట్టుకొన్నచో పెళపెళలాడసాగెను. మేము సాయము చేయబోయి, మరుగుచున్న నీటిగిన్నెపై జల్లెడ నుంచి, చుట్టలను దానిలో బేర్చి ఆవిరి పట్టితిమి. అప్పటికి మెత్తబడినట్లే తోచినవి. తెల్లవారి చూతుము గదా, సగమునకు పైగా నిలువున చీలియున్నవి. మామగారు "పోనీలే అమ్మా" అని యూరకుండిరి గాని, మాకు మాత్రము చాలదినములు మనసున గ్రుచ్చుకొనుచునే యుండెను.

అట్లేల జరిగెనో పిమ్మట తెలిసికొంటిమి. పొగాకు మన అప్పడమువంటిది. గాలిలో తేమ హెచ్చినచో పీల్చుకొనును, తగ్గినచో విడుచును. గాలి యొక వేడిమియందు ఎంత నీటియావిరిని ధరింపగలదో, అందు నూటికి ఎన్ని పాళ్లు ధరించియున్నదో ఆ లెక్కను సాపేక్షార్ద్రత యందురు. చుట్టకు 65 మొదలు 70 పాళ్ల తేమయు, 18 మొదలు 21 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమియు తగియుండును. తేమ తగ్గినచో ఆకు పెళుసై, త్వరత్వరగా కాలి, ఘాటెక్కును. మిక్కిలి హెచ్చినచో సరిగా కాలదు, బూజు పట్టును.

చుట్టలో లోపలి యాకులు, వానిని పట్టియుంచు కట్టుటాకు, అన్నిటికిని పైన మిక్కిలి పలుచని యాకు అని మూడు భాగములు గలవు. ఆవిరి తగిలినప్పుడు పై యాకు ముందుగా నుబ్బును. లోపలి యాకులు ఆలస్యముగా నుబ్బును. అవి యుబ్బునప్పటికి పై యాకు గాలికి ఆరి ముడుచుకొనుచుండును. ఈ పెనుగులాటలో చిరుగునది పలుచనిదే. నీళ్లు చిలుకరించినను, తడిగుడ్డ చుట్టినను ఇదియే ఫలము.

ఎండిన చుట్టను మరల మెత్తపరచుటకు మార్గము ఓర్పు ఒక్కటే. గాలి చొరని మూతగల గాజుసీసా గాని, బిగువైన డబ్బా గాని తీసికొనవలెను. స్పాంజిముక్కను స్వేదనజలములో ముంచి గట్టిగా పిండి, చిన్న మూతలో నుంచి, చుట్టలకు తగులకుండ నొక మూల పెట్టవలెను. కుళాయినీరు వలదు, అందలి లవణములు స్పాంజిలో పేరుకొనును. నేడు బజారులో 62, 65, 69 అను అంకెలు వేసిన పొట్లములు దొరకుచున్నవి. అవి తేమ చాలనిచో నిచ్చి, హెచ్చినచో పీల్చుకొనును. బాగుగా ఎండినవానికి మొదట 62 పొట్లముతో రెండు వారములు, పిమ్మట 65, ఆ పిమ్మట కావలసినచో 69 వాడుట మంచిది. మొత్తము మీద నెల దినములో, అంతకు మించియో పట్టును. వారమున కొకసారి చుట్టలను త్రిప్పి పెట్టవలెను. రెండువ్రేళ్ల నడుమ మెల్లగా నొక్కినప్పుడు లొంగి మరల యథాస్థితికి వచ్చినచో బాగుపడినదని యెఱుగవలెను. ఇంత చేసినను, ఎండినప్పుడు పోయిన పరిమళతైలములు తిరిగి రావు. చీలిన యాకు అతుకుకొనదు.

తేమను కొలుచు ముల్లుపరికర మున్నచో దానిని ముందుగా పరీక్షింపవలెను. చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దయగునంత నీరు కలిపి, ఆ పరికరముతో గూడ నొక సీసాలో పెట్టి ఒక దినము మూసియుంచినచో 75 చూపవలెను. ఎంత తేడా చూపునో అంత సరిచేసికొని చదువవలెను.

దేశకాలములనుబట్టియు నడువవలెను. సముద్రతీరపు టూళ్లలో వానకాలమున తేమ చేర్చుట తగదు. బయటి తేమ లోనికి రాకుండ మూయుటయే పని. రాయలసీమ, తెలంగాణ ప్రాంతములందు ఎండకాలమున తేమ చేర్చుట అవసరము. ఫ్రిజ్ లోని చల్లనియర పనికిరాదు. అది తేమను లాగివేయును, పోపుల వాసనయు పట్టించును. విదేశీయులు చుట్టలకు వాడు దేవదారువంటి పెట్టెల కలప నిజముగా దేవదారు కాదు, మన వేపకుటుంబమునకు చేరిన చెట్టే. దాని వాసన చుట్టకు హితము.

ఇక వంటయింటికి సంబంధించిన సంగతి యొకటి గలదు. చుట్టపై గుండుసూది మొనంత రంధ్రములును, క్రింద పొడియు కనబడినచో అది పొగాకు పెంకుపురుగు చేసిన పని. ఎఱుపు కలిసిన గోధుమరంగుతో రెండుమూడు మిల్లీమీటర్ల పొడవుండును. వేడిమి 24 డిగ్రీలు దాటినచో బాగుగా వృద్ధి చెందును. పసుపు, ధనియాలు, శొంఠి, మిరపకాయలను తొలుచునదియు నీ పురుగే. కావున చుట్టలపెట్టెను దినుసుల డబ్బాల చెంత నుంపరాదు. పురుగు పట్టిన చుట్టలను ప్లాస్టిక్ సంచిలో మూసి, ఫ్రీజరులో కొన్నిదినము లుంచి, పిమ్మట నొకదినము చల్లనియరలో నుంచి, సంచి విప్పకుండనే బయట చల్లదనము పోనిచ్చి తీయవలెను. ఆకుపచ్చగా నూగువలె బూజు పట్టినవానిని పారవేయుటయే మేలు.

పసిబిడ్డలున్న యింట నీ పెట్టెకు తాళము తప్పదు. చుట్టముక్క నమలి మ్రింగిన బిడ్డకు అందలి నికోటిను విషమై వాంతులు, వణుకు కలుగవచ్చును. ఆలసింపక వైద్యునికడకు గొనిపోవలెను.

కడపట నొక్కమాట. ఉత్తరకోస్తా పల్లెలలో స్త్రీలే నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పి అడ్డపొగ త్రాగుట గలదు. ఆ వేడిమికి, పొగకు అంగిలి తెల్లబడి, పుండై, క్యాన్సరుగా మారుట వైద్యులు చిరకాలముగా చూచుచున్నారు. పొగ లోనికి పీల్చకున్నను చుట్టవలన నోటికి కీడు తప్పదు. పొగాకు పొగ క్యాన్సరును గలిగించునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 1986లో తేల్చినది.

మా మామగారి అంగిటను తెల్లని మచ్చ యొకటి కనబడినది. వైద్యుడు చూచి, చుట్ట మానుమని చెప్పెను. వారు ఆ దినమే మానిరి. మేము నెల దినములు శ్రమపడి బాగుచేసిన మిగిలిన చుట్టలను వారే పారవేయించిరి. మా శ్రమ వ్యర్థమయినదని మాకు విచారము కలుగలేదు. ఎండిన ఆకును నెమ్మదిగా బాగుచేయవచ్చును. మనిషిని గూర్చి మాత్రము అంత నెమ్మది తగదు. ఇంటి పెద్దల నోట మానని పుండు గాని, తెల్లమచ్చ గాని యున్నదేమో సోదరీమణులు కనిపెట్టి అడుగవలెను. చుట్టలపెట్టెను కాచుటకంటె అది ముఖ్యమైన కాపుదల.