టెట్ పాసయ్యావ్ సరే... ఎంతొచ్చాయ్?

టెట్ రిజల్ట్ వచ్చిన రోజు డీఎడ్, బీఎడ్ వాట్సాప్ గ్రూపుల్లో ‘పాసా, ఫెయిలా’ అని ఎవరూ అడగరు. ‘ఎంతొచ్చాయ్?’ అనే అడుగుతారు.

రెండున్నర గంటల్లో 150 బిట్లు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే క్వాలిఫై అయినట్టే. కానీ ఉద్యోగమిచ్చేది డీఎస్సీ కదా! అక్కడ టీచర్ పోస్టుకి 80 మార్కులు రాతపరీక్షకి, 20 టెట్‌కి. లెక్కేయండి: టెట్‌లో 15 మార్కులు పెరిగితే డీఎస్సీలో కలిసొచ్చేవి 2. రెండేనా అనకండి, అర మార్కుకే ర్యాంకులు తారుమారయ్యే చోటది. ఏడేళ్లే చెల్లే టెట్ సర్టిఫికెట్‌ని 2021లో జీవితకాలం చేశారు. అయినా పాసైనవాళ్లే మళ్లీ మళ్లీ రాస్తున్నది అందుకే. విచిత్రమేంటంటే, ఈ రెండు పరీక్షల్లో ఎక్కడా బోర్డు ముందు నిలబెట్టి ఒక్క పాఠమైనా చెప్పించరు.

ఇప్పుడు ఈ క్యూలోకి సర్వీసులో ఉన్న సార్లు, మేడమ్‌లూ వచ్చారు. టెట్ లేకుండా ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెబుతూ, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలున్నవాళ్లు రెండేళ్లలో పాసవ్వాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. లేదంటే ఉద్యోగం పోతుంది. ఐదేళ్లలోపు మిగిలినవాళ్లకి మినహాయింపే, ప్రమోషన్ కావాలంటే మాత్రం రాయాల్సిందే.

తెలంగాణ పేపర్-2లో మ్యాథ్స్, సైన్స్ కలిపి 60 మార్కులు. అంటే ఇరవై ఏళ్లుగా బయాలజీ చెబుతున్న మేడమ్ కూడా, సాయంత్రం ఇంటికెళ్లాక లెక్కల పుస్తకం ముందేసుకోవాలి.