పొగపొయ్యికి మరో పలక కొనవలెనా?

బళ్లారి, హోసూరు, రాయగడ పరిసరాల నుండి అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లి కొన్ని నెలలు గడిపి వచ్చే పెద్దలలో కొందరైనా అక్కడి పెరళ్లలో పెల్లెట్ స్మోకర్‌ను చూసి ఉంటారు. నల్లని పీపాను అడ్డంగా పడుకోబెట్టినట్లుండి, విద్యుత్తు సాయంతో నడుస్తూ, మాంసాన్ని గంటల తరబడి పొగలో మగ్గించే పొయ్యి అది. దానిని కొన్న కొంతకాలానికే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. మాంసం మెత్తగా ఉడుకుతున్నది గాని, పైన ఎర్రగా కాలుట లేదు. ఆ లోటు తీర్చుటకని అమ్మే పలకలు, అదనపు పొయ్యిలు కొనవలెనా, వద్దా?

ముందుగా పొయ్యి తీరును గ్రహించవలెను. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన జో ట్రేగర్ 1986లో ఈ తరహా పొయ్యికి పేటెంటు పొందాడు. ఇందులో ఇంధనం రంపపు పొట్టును అదిమి చేసిన చిన్న గుళికలు. తొట్టిలో పోసిన గుళికలను మర వలె మెలికలు తిరిగిన కడ్డీ ఒకటి కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోనికి తోస్తుంది. ఫ్యాను గాలి విసరుతుంది. మంటకు పైన ఒక ఇనుప రేకు, దానిపై కారిన కొవ్వును పట్టే వాలు పళ్లెం ఉంటాయి. వాటికి పైన ఊచల జాలి. అనగా మాంసానికి మంట కనబడనే కనబడదు. దానిని చేరేది వేడిగాలి, పొగ మాత్రమే. మన బొగ్గుల కుంపటిలో కణకణలాడే నిప్పు ముక్కకు ఎదురుగా ఉండి సూటిగా కాల్చుతుంది. పేరు గ్రిల్ అయినా, పెల్లెట్ స్మోకర్ స్వభావానికి ఓవెన్‌కే దగ్గర చుట్టం.

మాంసం పైభాగం ఎర్రబడి కమ్మని వాసన వచ్చుటకు కారణమైన రసాయన చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించాడు. సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటితే అది వేగం పుంజుకుంటుంది. ఈ పొయ్యిలలో అనేకం 500 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా 260 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతాయి గదా, మరి చాలదా అని సందేహం కలుగుట సహజం. చిక్కు వేడిలో లేదు, ఆ వేడి అందే వేగంలో ఉన్నది. మాంసంపై తడి ఉన్నంతసేపు ఆ భాగం నీరు మరిగే వేడిని దాటదు. గాలి నెమ్మదిగా వేడిని అందిస్తుంది గనుక పైన ఆరి ఎర్రబడేలోగా లోపల అతిగా ఉడికిపోతుంది. జొన్నరొట్టె పెనం మీద కాలినంత త్వరగా వేడిగాలిలో కాలకపోవుట కూడా ఇందువల్లనే.

బజారులో దొరికే సాధనాలు ప్రధానంగా రెండు విధాలు. ఒకటి గ్రిల్‌గ్రేట్స్ వంటి అల్యూమినియం పలకలు. వీటిని జాలిపై పరచి కాచితే లోహం వేడిని పట్టి మాంసానికి తాకిడి ద్వారా ఇస్తుంది. ఇవి కొత్తగా వేడిని పుట్టించవు, ఉన్న వేడిని త్వరగా అందించగలవు, అంతే. తిరగేసి చదునైన వైపు వాడితే చారలకు బదులు ముక్క అంతా ఎర్రబడుతుంది. రెండవది పక్కన తగిలించే గ్యాసు పొయ్యి. ఇది నిజముగానే అదనపు వేడి. అయితే ఖర్చు ఎక్కువ, గ్యాసు సిలిండరు కూడా కావలెను. కొన్ని పొయ్యిలలో నిప్పుగిన్నె పైనున్న రేకును జరిపి మంటను నేరుగా తగిలించే ఏర్పాటు ముందే ఉంటుంది. అది ఉన్నదని తెలియక పలకలు కొనేవారూ లేకపోలేదు.

డబ్బు పెట్టుటకు ముందు ఇంట్లోని పోత ఇనుప పెనంతో పరీక్షించుట ఉత్తమం. మాంసాన్ని 225 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద పొగలో మగ్గించి, కావలసినంత ఉడకకముందే బయటకు తీసి, పైతడిని శుభ్రముగా అద్దవలెను. పొయ్యిని గరిష్ఠ వేడికి పెంచి, పెనాన్ని అరగంట లోపల ఉంచి, ముక్కను ఒక్కొక్క వైపు నిమిషం, రెండు నిమిషాలు కాల్చవలెను. తక్కువ వేడిలోనే పొగ ఎక్కువ గనుక ఈ క్రమం తారుమారు చేయరాదు. ఫలితం నచ్చితే పలకతో పనే లేదు. వంటింటి గ్యాసు పొయ్యి మీద కూడా ఇదే సాధ్యం, ఇల్లు పొగతో నిండునన్న ఇబ్బంది తప్ప.

కాల్చితే లోపలి రసం బయటకు పోదన్నది మాత్రం నమ్మదగిన మాట కాదు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ వల్ల ప్రచారమైన ఈ భావన తప్పని 1984లో హెరాల్డ్ మెగీ తన వంటశాస్త్ర గ్రంథంలో వివరించాడు. లాభం రుచిలోనే.

మన ఇళ్లలో వండే తీరును కూడా లెక్కించవలెను. మందమైన గొడ్డుమాంసపు స్టేకులు వారం వారం కాల్చే ఇంటికి పలక ఉపయోగం మెండు. ఎముకతో కూడిన మేకమాంసానికి, తొడ ముక్కలకు కావలసినది నిదానమైన ఉడుకు. పైగా పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద దట్టంగా పట్టించిన ముక్కలు మండే పలకపై మొదట ఆవిరి కక్కి, తరువాత ముద్ద మాడి చేదెక్కుతాయి. అటువంటి వంటకు పలక కొనుట దండుగ. కోడిమాంసం పైన ఎంత ఎర్రబడినా లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ చేరినదో లేదో ముల్లు థర్మామీటరుతో చూడక తప్పదు. మేక, గొడ్డు మాంసాల పెద్ద ముక్కలకు 145 డిగ్రీలు, మూడు నిమిషాల విరామం అమెరికా వ్యవసాయ శాఖ సూచించిన కొలత.

అన్నింటికన్నా మించినది నిప్పు భయం. గంటల తరబడి కొవ్వు కారిన పళ్లెంతోనే వేడిని ఒక్కసారిగా పెంచితే ఆ కొవ్వు భగ్గుమనవచ్చు. పళ్లెం గీకి శుభ్రపరచిన తరువాతనే వేడి పెంచవలెను. మంట లేచినచో మూత తెరవరాదు, నీరు పోయరాదు.

ఇంత చూసిన పిమ్మట కూడా పలక కావలెననిపిస్తే, జాలి లోతును ముందు నుండి వెనుకకు కొలిచి ఆ పొడవునకే తెప్పించవలెను. జాలి అంతా కప్పివేసినచో గాలి ఆడదు గనుక సగం మేరకు చాలును. మెరిసే అల్యూమినియంపై దూరం నుండి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు అసలు కన్నా తక్కువ వేడిని చూపుతుంది. పలక కాగలేదని భ్రమపడి చేయి వేయరాదు.