అల్లరికీ కులముంటుంది: ఆళ్లగడ్డ దారిలో ఒక నవ్వుల సినిమా కథ

కుర్రాడు ఎదిగే కథల్లో నవ్వు ఒకే నమ్మకం మీద నడుస్తుంది. వాడేం చేసినా ఊరు చివరికి క్షమిస్తుంది. సైకిల్ ఎత్తుకుపోతాడు, పిల్లకు ఉత్తరం రాస్తాడు, నాన్న చేత దెబ్బలు తింటాడు. చివర్లో కాస్త బుద్ధి వస్తుంది. ప్రేక్షకుడు ధైర్యంగా నవ్వేది ఆ క్షమాపణ ముందే ఖాయమైపోయింది కాబట్టి.

మన పిల్లలకు ఆ హామీ లేదు. సినిమా హాల్లో ముందు వరుసలో వాడికి కాలు తగలడం తెర మీదైతే హాస్య సన్నివేశం. 1991లో చుండూరులో ఒక దళిత విద్యార్థి కాలు అలాగే పైకులపు కుర్రాడికి తగిలింది. గొడవ అక్కడ రాజుకుని, నెల తిరిగేసరికి ఆగస్టు 6న 8 మంది దళితుల హత్య దాకా వెళ్లింది. పెద్దింటి పిల్లవాడు చేస్తే చిలిపితనం, వాడవాడు చేస్తే కేసు. దళిత కుర్రాడి మీద నవ్వుల కథ రాయాలనుకున్నవాళ్లు మొదట ఎదుర్కోవలసింది ఈ తేడానే. దాన్ని పక్కన పెట్టి రాస్తే అబద్ధమవుతుంది. దానికే లొంగిపోతే మరో శోకగీతం వస్తుంది. అవి మనకు చాలానే ఉన్నాయి.

ఈ రెంటికీ మధ్య దారి ఉందని తమిళంలో పా. రంజిత్ 2012లోనే తన మొదటి సినిమా 'అట్టకత్తి'తో చూపించాడు. హీరో ప్రేమించిన ప్రతిసారీ బోల్తా పడతాడు. కరాటే నేర్చుకుంటాడు, అదీ పనికిరాదు. కాలేజీ బస్సు రూట్‌లో పెద్ద లీడర్‌లా తిరుగుతాడు. తనను ప్రేమిస్తోందనుకున్న అమ్మాయి ప్రేమించింది అదే పేరున్న ఇంకొకణ్ని. సినిమా కులం పేరెత్తదు. వాళ్ల వీధి, తిండి, పాట చూస్తే తెలిసిపోతుంది. ముఖ్యమైన సంగతేమిటంటే వాడు చావడు. టీచరై, పెళ్లి చేసుకుని, మామూలుగా బతుకుతాడు. మామూలుగా బతికే హక్కు మన హీరోలకు తెర మీద అరుదుగా దొరుకుతుంది.

మరుసటి ఏడాది మరాఠీలో నాగరాజ్ మంజులే తీసిన 'ఫాండ్రీ'లో నవ్వు ఇంకో పని చేస్తుంది. పందుల వెంట పరిగెత్తుతున్న కుటుంబాన్ని చూసి ఊరంతా నవ్వుతుంది, ప్రేక్షకుడికీ పెదవి కదులుతుంది. ఆఖర్న కుర్రాడు విసిరిన రాయి నేరుగా కెమెరా మీదికి వస్తుంది.

తెలుగులో 2020 నాటి 'కలర్ ఫోటో' మొదటి సగమంతా నవ్వించి చివరికి విషాదంలోకే వెళ్లింది. ఇక నంద్యాల, ఆళ్లగడ్డ అనగానే మన పరిశ్రమకు గుర్తొచ్చేది ఫ్యాక్షన్. 1999లో 'సమరసింహారెడ్డి' తర్వాత ఈ నేల మీద సుమోలు, బాంబులు తప్ప ఏమీ మొలవలేదన్నట్టు తీశారు. సుమోలో వెనక సీట్లో కొడవలి పట్టుకుని కూర్చున్నవాడికి బాల్యం ఉండేదా అని ఏ దర్శకుడూ అడగలేదు. ('మర్యాద రామన్న' ఫ్యాక్షన్‌నే నవ్వుల్లోకి తిప్పింది నిజమే. కానీ అదీ దొరల ఇంటి గడపలోనే తిరిగింది.)

మరి ఇక్కడి కథ ఎక్కడ దొరుకుతుంది? ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కేచోట దొరుకుతుందని నా అభిప్రాయం. శిల్పులకు పేరుపడ్డ ఊరది. దేవుళ్లనూ చెక్కుతారు, నాయకులనూ చెక్కుతారు. కుందూ ఒడ్డున, నంద్యాలకు దగ్గర్లో ఒక పల్లె అనుకుందాం. పదిహేడేళ్ల కుర్రాడు, ఇంటర్ తప్పాడు. వాడలో అంబేద్కర్ విగ్రహం పెట్టాలని యూత్ తీర్మానించింది. రాయి బేరమాడి, చెక్కించి, నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం తెచ్చే పని వీడి నెత్తిన పడింది. ఒక రోజు, ఒక దారి, ఒక బరువు. కథకు ఇంతకన్నా గట్టి ఎముక అక్కర్లేదు.

ఆలోచనను కథగా మార్చేది కుర్రాడి కోరిక. విగ్రహం మీద వాడికి భక్తి ఉందని రాస్తే కథ అక్కడే చస్తుంది. వాడి కోరిక చిన్నది, కొంచెం సిగ్గుపడేది. దిమ్మె మీద దాతల పేర్లలో తన పేరు మొదట ఉండాలి, ఆవిష్కరణ రోజు ఒక పిల్ల అది చదవాలి. అంతే. ఇంత చిన్న కోరికకు అంత పెద్ద రాయి అడ్డం పడితే నవ్వు దానంతటదే పుడుతుంది.

సన్నివేశాలు లెక్కల్లోంచి వస్తాయి. చందాలు చాల్లేదు, నిలువు విగ్రహం బదులు నడుం దాకా చాలంటారు కుర్రాళ్లు. అవ్వ ఊరుకోదు: "నడుముకాడికి తెగ్గొట్టిచ్చి తెస్తే ఆయన నిలబడేదెట్లరా?" రాయి బరువు మీకు తెలిసిందే, క్యూబిక్ మీటరు రెండున్నర టన్నుల పైనే తూగుతుంది. మనిషంత బొమ్మ ట్రాలీ ఆటో వెనక ఎక్కించగానే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. చక్రం కిందికి దిగాలంటే డ్రైవర్ పక్కన నలుగురు కూర్చోవాలి. ఆ నలుగురూ ఎవరన్న దాని మీద శిరివెళ్ల దాకా గొడవ. అసలు బొమ్మ ముఖమే అంబేద్కర్‌లా లేదు.

"సామీ, ఈయన మన రేషన్ డీలరు మాదిరుండాడే!"

"కళ్లద్దాలు పెట్నాక సరిపోతాదిలే అబ్బీ."

ఇక్కడ ఎవరిని చూసి నవ్వుతున్నామో రచయిత ప్రతి పేజీలో తేల్చుకోవాలి. కుర్రాడి గొప్పలు చూసి నవ్వొచ్చు, నవ్వాలి కూడా. మచ్చలేని హీరో బొమ్మే అవుతాడు. యూత్‌లో ముగ్గురికి నాలుగు సంఘాలుండటం చూసి నవ్వొచ్చు, అది మనకు తెలిసిన సంగతే. వాడి యాసను, చెప్పులను, తిండిని చూసి మాత్రం నవ్వించకూడదు. ఆ పని తెలుగు సినిమా దశాబ్దాలుగా చేస్తూనే ఉంది.

ఆఫీసుల వైపు నుంచీ హాస్యం బోలెడు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతివ్వొద్దని ఆదేశించింది. అందరికీ ఒకటే నియమం. కానీ ఏ విగ్రహం వచ్చినప్పుడు అది ఫైల్లోంచి బయటికొస్తుందో గమనించండి. బొమ్మ ఊరి పొలిమేరలో ట్రాలీ మీదే ఉంది. దాన్ని ఎక్కడ దించినా రోడ్డే. పెద్దమనుషులు వచ్చి ఎంతో మర్యాదగా "వాడలోనే పెట్టుకోండప్పా, ఎవరొద్దన్నారు" అంటారు. ఈ మర్యాదను పూర్తిగా నవ్వులాటగా రాయాలి. గొంతు పెంచి రాస్తే పాత సినిమా అయిపోతుంది.

అసలు ప్రమాదం మాత్రం కుర్రాడి చిన్న కోరికలోనే దాగి ఉంది. ఆళ్లగడ్డ పక్కన ముత్యాలపాడు, ఇటు నంద్యాల పంతొమ్మిదో శతాబ్దం నుంచీ ఆంగ్లికన్ మిషన్ కేంద్రాలు. ఇక్కడి వాడల్లో చాలామందికి రెండు పేర్లు. వీడు ఇంట్లో, చర్చిలో సామ్యేలు. పదో తరగతి సర్టిఫికెట్లో శివప్రసాద్. పిల్ల పిలిచేది ఒక పేరు, హాజరు పట్టీలో ఇంకోటి. సగం సినిమా దాకా ఇది హాస్యమే.

తర్వాత శిల్పి ఉలి పట్టుకుని అడుగుతాడు: ఏ పేరు చెక్కమంటావు? 1950 నాటి ఎస్సీల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకే ఆ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకు దక్కేది బీసీ-సీ. కుల ధ్రువీకరణ పత్రాల మీద 1993లో వచ్చిన 16వ నంబరు చట్టం కింద సర్టిఫికెట్ తప్పుడుదని తేలిస్తే కలెక్టర్ రద్దు చేయొచ్చు. విగ్రహం గిట్టనివాడు ఆ దిమ్మెను ఒక ఫొటో తీసి అర్జీకి జత చేస్తే చాలు. కోర్టులో అది ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే సంగతి. సీటు పోగొట్టుకోడానికి అర్జీ నడిచినన్ని రోజులు సరిపోతాయి.

పదిహేడేళ్లవాడు పెద్దవాడయ్యేది ఈ ప్రశ్న దగ్గరే, ప్రేమ దగ్గర కాదు. శివప్రసాద్ అని చెక్కిస్తే పిల్ల గుర్తుపట్టదు, అవ్వ ఒప్పుకోదు. సామ్యేలు అంటే చదువు పోవచ్చు. పేరే వద్దంటే ఇన్ని తిప్పలూ దేనికి? నేనైతే జవాబు కుర్రాడి చేత చెప్పించను. వంద రూపాయలు చందా ఇచ్చిన అవ్వ చేత అడిగిస్తాను: "నా పేరు ఒగటేగదరా, నాది కొట్టిచ్చు." శిల్పి అక్షరాల లెక్కన డబ్బులడుగుతాడు. అవ్వ పేరు పొడుగు.