దాచుకుంటే ముదిరే జబ్బు

మే నెల ఎండలో పొడుగు చేతుల చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని పొలానికి వెళ్లే నడివయసు రైతుకూలీని చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఎండకు కప్పుకున్నాడనుకుంటారు. చొక్కా కింద మోచేతి మడతల్లో చర్మం మందమై, నల్లబడి, గీతలు తేలి ఉంటుంది. గోళ్లు పడ్డచోట రసి కారి, ఎండి, బనియన్‌కు అతుక్కుంటుంది. సాయంత్రం ఆ బనియన్‌ను నీళ్లతో తడిపి కొంచెం కొంచెంగా విడదీయాలి. అసలు బాధ రాత్రి మొదలవుతుంది. ఇల్లంతా నిద్రపోయాక దురద లేస్తుంది. తెల్లారేసరికి దుప్పటి మీద రక్తపు చారలు, చర్మపు పొట్టు. నిద్ర లేని మనిషి పనికి పోలేడు, పోకపోతే కూలి రాదు.

ఈ జబ్బు పేరు ఎగ్జిమా. అది పసిపిల్లల జబ్బని, పెద్దయ్యాక అదే పోతుందని అనుకుంటాం. చాలామంది పిల్లల్లో తగ్గే మాట నిజమే. కొందరిలో తగ్గదు. ఇంకొందరికి ముప్పై, నలభై దాటాకే మొదలవుతుంది. అది తీవ్రమైతే మనిషి బతుకంతా దాని చుట్టూ తిరుగుతుంది. పెళ్లికి పోవాలన్నా, బస్సులో పక్క సీట్లో కూర్చోవాలన్నా, క్షౌరశాలలో మెడ వంచాలన్నా వెనకాడాల్సి వస్తుంది. "అంటుకుంటదేమో" అని ఎవరో అననక్కర్లేదు, చూపే చెబుతుంది. ఎగ్జిమా అంటుకోదు. ముట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా అంటుకోదు.

ఈ భయం మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లికి కొత్త కాదు. చర్మం మీద మచ్చ కనబడితే మనిషిని ఊరి బయటికి నెట్టే రోజుల్లో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ ఇక్కడ కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. 1915లో మొదలైన ఆ విక్టోరియా ఆసుపత్రికి స్థానిక దాత రాజా నర్సాగౌడ్ అండగా నిలిచారు. అప్పట్లో చాల్మోగ్రా జాతి నూనెను సూదిమందుగా ఇవ్వడమే దిక్కు. ఆ తర్వాత డాప్సోన్ వచ్చింది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు కుష్ఠు నిర్ణీత కాలం మాత్రలు వాడితే నయమయ్యే జబ్బు. అయినా ఒంటి మీద మచ్చ అనగానే మన గుండెల్లో కదిలేది ఆ పాత భయమే. ఎగ్జిమా మనిషి చొక్కా గుండీ విప్పకపోవడానికి కారణమూ అదే.

తేడా తెలుసుకోవడం మంచిది. కుష్ఠు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గుతుంది, దురద ఉండదు. ఎగ్జిమాకు దురదే మొదటి గుర్తు. ఏది ఏమిటో తేల్చాల్సింది మాత్రం చర్మవైద్యులు. "నాది కుష్ఠు కాదు" అని నిరూపించుకుని ఊపిరి పీల్చుకోవడం దగ్గర ఆగిపోకూడదని నా అభిప్రాయం. కుష్ఠు ఉన్న మనిషికీ చికిత్స, గౌరవం రెండూ దక్కాల్సిందే.

అసలు లోపల జరిగేదేమిటి? చర్మం పై పొర చెరువు కట్ట లాంటిది. దానికి బుంగలు పడితే లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, సూక్ష్మజీవులు లోపలికి చొరబడతాయి. వాటి మీద శరీర రక్షణ వ్యవస్థ అతిగా విరుచుకుపడుతుంది. ఆ పొరను గట్టిపరిచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా ముప్పు పెరుగుతుందని 2006లో తేలింది.

పెద్దవయసులో మొదలైతే మరో ప్రశ్న అడగాలి. రోజూ చేతికి, ముఖానికి తగిలేదేమిటి? డిచ్‌పల్లి నుంచి బోధన్ దాకా గట్ల మీద, రోడ్ల పక్కన తెల్లపూల వయ్యారిభామ కనిపిస్తుంది. 1955లో పుణెలో మొదట గుర్తించిన ఈ కలుపు మొక్క తర్వాత దేశమంతా పాకింది. దానిలోని రసాయనాలు, గాలికి లేచే ఎండు నలుసులు పడనివాళ్లకు కనురెప్పలు ఉబ్బుతాయి. మెడ, మోచేతి మడతలు, చొక్కా కప్పని ఛాతీ భాగం మండిపోతాయి. బంతి, చామంతి కూడా ఆ కుటుంబంలోవే కాబట్టి కొందరికి బతుకమ్మ పేర్చేటప్పుడు అవీ పడకపోవచ్చు. తంగేడు, గునుగు ఆ కుటుంబంలోవి కావు.

ఇంకొకటి సిమెంటు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కట్టడం పని చేసి, చేతులు పగిలి తిరిగొచ్చినవాళ్లు మన పల్లెల్లో ఉంటారు. సిమెంటులోని క్రోమియం ఒకసారి పడకుండా పోతే ఆ అలర్జీ ఏళ్లపాటు వదలదు. ఫెర్రస్ సల్ఫేట్ కలిపి ఆ క్రోమియం దెబ్బను తగ్గించడం డెన్మార్క్ 1980లలోనే మొదలుపెట్టింది. వీపు మీద పట్టీలు అతికించి చేసే ప్యాచ్ టెస్టుతో ఏది పడటం లేదో చాలావరకు తెలుస్తుంది. కారణం తెలియకుండా వంకాయ, చేప, గోంగూర మానేసి పథ్యంతో చిక్కిపోవడం వల్ల చాలామందికి ఒరిగేదేమీ లేదు. పెద్దల ఎగ్జిమాకు తిండే మూలం కావడం అరుదు.

మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీస్తున్నది మెడికల్ షాపు ట్యూబు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ఆయింట్‌మెంట్ రాస్తే రెండు రోజుల్లో దురద ఆగుతుంది, మానేస్తే రెట్టింపై వస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, చారలు పడి, రక్తనాళాలు తేలతాయి. ఫంగస్‌తో వచ్చే తామరకు ఇదే రాస్తే అది రూపం మార్చుకుని ఒళ్లంతా పాకుతుంది. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది. చీటీ అడిగే షాపు ఎక్కడుందో పాఠకులే చెప్పాలి. ఊళ్లో వేసే స్టెరాయిడ్ సూది ఇంకా ప్రమాదం. మందు దిగిపోయాక జబ్బు విరుచుకుపడుతుంది.

అలాగని స్టెరాయిడ్ పూత శత్రువు కాదు. డాక్టరు చెప్పిన బలం, చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందు. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అరగ్రాము, రెండు అరచేతులంత మేరకు చాలు. దానికంటే ముఖ్యం తేమ. గోరువెచ్చని నీళ్లతో కొద్దిసేపు స్నానం చేసి, రుద్దకుండా అద్దుకుని, తడి ఆరేలోపే పెట్రోలియం జెల్లీ వంటిది పట్టించాలి. ఒళ్లంతా పొడిబారిన పెద్దమనిషికి వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా కావాలి. మనం వేలితో ముట్టుకుని వదిలేస్తాం. ఆ జిడ్డు పట్టిన బట్టలు త్వరగా అంటుకుంటాయి కనుక పొయ్యి దగ్గర, బీడీ దగ్గర జాగ్రత్త. రసి కారే చర్మం మీద పచ్చి పసుపు, వేపాకు ముద్ద వేయొద్దు. పసుపు మన జిల్లా గర్వకారణమే, కానీ అదీ కొందరికి పడదు.

పూతలకు లొంగకపోతే కాంతి చికిత్స, మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్ వంటివి ఉన్నాయి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. రక్తపరీక్షలు తప్పవు, గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన డుపిలుమాబ్ సూది తీవ్ర ఎగ్జిమా చికిత్సను మార్చేసింది, కానీ దాని ఖరీదు కూలి మనిషికి అందేది కాదు. జ్వరంతో పాటు రంధ్రాలు పొడిచినట్టు పుండ్లు లేచినా, ఒళ్లంతా ఎర్రబడి చలి పుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది. ఇంట్లో ఎవరికైనా ఈ బాధ ఉంటే ఇన్నాళ్లూ రాసిన ట్యూబులు, మింగిన మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసి వాళ్లను అక్కడికి తీసుకెళ్లండి. డాక్టరు గదిలో చొక్కా విప్పి చూపించమనండి, ఏదీ దాచొద్దనండి.