ఉడుత వెనక పరుగు: పెంపుడు కుక్కలోని వేట విశేషాలు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పెంపుడు కుక్కకు వేట అలాంటి బుద్ధే. పసిపిల్లలు చెవులు పట్టి లాగినా కిమ్మనని కుక్క, పెరట్లో ఉడుత కదిలితే చాలు, ఎంత పిలిచినా వినకుండా దూకుతుంది. దొరికిందాన్ని నోట కరుచుకొచ్చి గుమ్మంలో పడేస్తుంది. చూసినవాళ్లు ‘ఎంత క్రూరత్వం!’ అని కర్ర అందుకుంటారు. కొడితే ఆ బుద్ధి పోదు. దాన్ని మళ్లించవచ్చు, దాని బారిన పడకుండా చిన్న ప్రాణుల్ని కాపాడవచ్చు. అందుకు ముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి.

ఎనిమిది మెట్ల వేట

తోడేలు వేట మెట్లు మెట్లుగా సాగుతుంది: అటు తిరగడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చడం, తినడం. పశువుల కాపలా కుక్కల్ని ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్త రేమండ్ కాపింజర్, ఆయన భార్య లోర్నా 2001లో వెలువడిన తమ పుస్తకంలో ఈ వరసను వివరించారు. కుక్కలు తోడేళ్ల నుంచి విడిపోయి కనీసం 15 వేల ఏళ్లయింది. ఈ కాలంలో మనిషి తన అవసరాన్ని బట్టి కొన్ని మెట్లను బలపరిచాడు, కొన్నింటిని అణిచాడు. వరస మొత్తం చెరిగిపోయిన జాతులు అరుదు.

జాతికో మెట్టు

బోర్డర్ కోలీ గొర్రెలకేసి రెప్పవాల్చకుండా చూస్తుంది, పొంచుతుంది, తరుముతుంది. కరవడం మాత్రం తరతరాల ఎంపికలో బాగా తగ్గిపోయింది. పాయింటర్ వేట వాసన తగలగానే ముందుకాలు ఎత్తి అక్కడే బిగుసుకుపోతుంది. లాబ్రడార్ నేలకూలిన పక్షిని ఈక నలగకుండా పట్టి తెచ్చిస్తుంది. టెర్రియర్లు పట్టి, విదిల్చి, చంపేదాకా పోతాయి. గ్రేహౌండ్ చూపుతోనే వేటను పసిగట్టి గంటకు 60 కిలోమీటర్లు మించిన వేగంతో దూసుకుపోతుంది. మీ కుక్క ఏ మెట్టు మీద గట్టిదో గమనించండి. ఆపాల్సిన సమయం అక్కడే తెలుస్తుంది. చూపు నిలిపినప్పుడు పిలిస్తే వింటుంది, పరుగు అందుకున్నాక దాని చెవికి మన గొంతు చేరదు.

కోపం వేరు, వేట వేరు

ఎస్తోనియాలో పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన మెదడు శాస్త్రవేత్త యాక్ పాంక్సెప్ జంతువుల మెదడులో భావోద్వేగాలకు వేర్వేరు వ్యవస్థలు ఉన్నాయని చూపాడు. కోపానిది ఒక దారి, వెదుకులాటది ఇంకో దారి. పొంచి తరిమే వేట ఈ రెండో దాంట్లోకి వస్తుంది. పొంచే కుక్క గుర్రుమనదు, పళ్లు చూపదు. దాని ఒళ్లంతా ఉత్సాహమే. ఉడుత దొరక్కపోయినా ఆ పరుగే దానికి బహుమతి. అందుకే తరమనిచ్చిన కొద్దీ ఆ అలవాటు ముదురుతుంది. తిరిగొచ్చాక కొడితే, వేట తప్పని అర్థం చేసుకోదు. యజమాని దగ్గరికి వస్తే దెబ్బలు పడతాయని మాత్రం నేర్చుకుంటుంది.

కడుపు నిండినా ఆగదు

‘పెరుగన్నం సరిగ్గా పెట్టడం లేదేమో, అందుకే ఎలుకల వెంట పడుతోంది’ అనుకునేవాళ్లు ఉన్నారు. ఆకలి, వేట ఒకదానికొకటి కట్టుబడి లేవు. బాగా తిన్న కుక్క కూడా తరుముతుంది, పట్టుకున్నదాన్ని తినకుండా వదిలేస్తుంది. పిల్లుల విషయంలో మాత్రం బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఆసక్తికరమైన సంగతి వెల్లడించారు. మాంసకృత్తులు ఎక్కువున్న మాంసాహారం పెడితే అవి ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు యజమాని ఆడిస్తే 25 శాతం తగ్గింది. కుక్కల శిక్షకులు కూడా ఆటకే పెద్దపీట వేస్తారు.

కదిలితేనే ఆకర్షణ

కుక్క కంటికి నీలం, పసుపు రంగులు తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. కానీ కదలికను పట్టడంలో ఆ కన్ను చాలా చురుకు. గడ్డిలో కదలకుండా కూర్చున్న కుందేలును దాటిపోయే కుక్క, అది గెంతగానే విరుచుకుపడేది అందుకే. కొన్ని కుక్కలు సైకిళ్ల వెంట, పరుగెత్తే పిల్లల వెంట పడటంలోనూ ఈ తరిమే బుద్ధి పాలు ఉంటుంది. అలాంటి కుక్కను చంటిపిల్లల దగ్గర ఒంటరిగా వదలకూడదు.

మనకు వినపడని కిచకిచ

మనిషి చెవి వినగలిగే ధ్వని 20 వేల హెర్ట్జ్‌తో ఆగిపోతుంది. కుక్క చెవి దాదాపు 45 వేల హెర్ట్జ్ దాకా వింటుంది. ఎలుకలు తమలో తాము చేసుకునే సన్నని కూతలు చాలావరకు మన వినికిడికి పైనే ఉంటాయి. బియ్యం డ్రమ్ము వెనక ఏమీ లేదని మనం అనుకుంటుంటే కుక్క అక్కడే తల వంచి నిలబడిందంటే, దాని మాటే నమ్మడం మంచిది. నొక్కితే కీచుమనే బొమ్మలంటే కుక్కలకు అంత మోజు ఉండటానికి కారణమూ ఈ చిన్న ప్రాణుల అరుపే కావచ్చు. బొమ్మను పట్టి అటూ ఇటూ విదిలించడం కూడా వేట మెట్లలోదే. ఎలుక మెడ విరిగేది ఆ విదిలింపుతోనే.

ఐదున్నర నిమిషాల్లో వంద ఎలుకలు

19వ శతాబ్దపు లండన్‌లో ఎలుకల్ని ఒక గుంతలో వదిలి, వాటి మీదికి టెర్రియర్లను ఉసిగొల్పి పందేలు కాసేవారు. 1823లో వెస్ట్‌మినిస్టర్ బరిలో బిల్లీ అనే కుక్క ఐదున్నర నిమిషాల్లో వంద ఎలుకల్ని చంపిందని పేరు మోగిపోయింది. ఆ చప్పట్లు, ఆ డబ్బు మనుషులవి. వేగంగా చంపే కుక్కకే విలువ కట్టి, దాని పిల్లల్ని పెంచుతూ పోయినవాళ్లూ మనుషులే. ఇప్పుడు అపార్ట్‌మెంట్లో ముద్దుగా పెరిగే బుల్లి టెర్రియర్ పావురం మీదికి దూకితే, ఆ తప్పు దాని నెత్తిన వేయడం న్యాయం కాదు.

ఆరు వేళ్ల వేటకుక్క

నార్వే తీరంలో లుండెహుండ్ అనే జాతి ఉంది. ఒక్కో పాదానికి కనీసం ఆరు వేళ్లు. నిట్టనిలువు కొండరాళ్ల మీద పాకి, బొరియల్లో దూరి పఫిన్ పక్షుల్ని పట్టుకురావడం దీని వృత్తి. 1960ల నాటికి డిస్టెంపర్ వ్యాధితో ఈ జాతిలో ఐదారు కుక్కలే మిగిలాయి. ఇప్పుడున్న లుండెహుండ్‌లన్నీ వాటి సంతానమే. ఇప్పుడు పఫిన్లకు చట్టం రక్షణ ఉంది. కుక్కకు పని పోయింది, వేళ్లూ బుద్ధీ అలాగే ఉన్నాయి. మన ఇళ్లలోని చాలా జాతుల కథ ఇదే.

కొల్లేటి జోనంగి

మన కోస్తాకూ సొంత వేటకుక్క ఉంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో, ముఖ్యంగా కొల్లేటి చుట్టుపక్కల పెరిగిన జోనంగి. పొట్టి వెంట్రుకలు, సన్నని ఒళ్లు, ముడతలు పడ్డ నుదురు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, సాగదీసి కూస్తుంది. నేలలో లోతైన గుంట తవ్వుకుని అందులో పడుకుంటుంది. చిన్న జంతువుల్ని వేటాడే ఈ కుక్కతోనే బాతుల పెంపకందార్లు వందల బాతుల్ని తోలించేవారు. నోటికి అందే దూరంలో బాతులున్నా హాని చేయకుండా మందను నడిపిందంటే, ఆ నేర్పులో పెంచినవాళ్ల చెయ్యి ఎంతుందో ఊహించుకోవచ్చు. చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గాక జోనంగిలూ తగ్గిపోయాయి. ఈ జాతిని నిలుపుకోవడం మన బాధ్యత.

ఒక్క కుక్క, వందల కివీలు

1987లో న్యూజిలాండ్‌లోని వైటాంగీ అడవిలో పరిశోధకులు కివీ పక్షులకు రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టి గమనిస్తున్నారు. ఉన్నట్టుండి పక్షులు వరసగా చచ్చిపోసాగాయి. ట్రాన్స్‌మిటర్లున్న వాటిలోనే 13 పోయాయి. చివరికి దొరికింది ఒకే ఒక్క ఆడ జర్మన్ షెపర్డ్. మెడకు పట్టీ ఉంది, అంటే ఎవరో పెంచుకున్నదే. కొద్ది వారాల్లో అది ఆ అడవిలోని సుమారు 900 కివీల్లో 500 వరకు చంపి ఉంటుందని అంచనా. చాలావాటిని తిననే లేదు. కివీకి ఎగిరే కండరాలు లేవు, రొమ్ము ఎముక బలహీనం. కుక్క ఒక్కసారి నొక్కి పట్టినా చాలు, ప్రాణం పోతుంది. ఎగరలేని పక్షికి దాని వాసనే శత్రువు. ఇప్పుడు ఆ దేశంలో కివీల ప్రాంతాలకు తీసుకెళ్లే కుక్కలకు ముందుగా ఆ పక్షిని తప్పించుకు తిరగడం నేర్పుతారు. ‘మా కుక్క ఏమీ చెయ్యదండీ’ అని అడవి అంచున గొలుసు విప్పే ప్రతి ఒక్కరూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పెంగ్విన్లకు కాపలా

ఇక దీనికి పూర్తిగా ఎదురు కథ. ఆస్ట్రేలియాలోని వార్నాంబూల్ పట్టణం పక్కన మిడిల్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నక్కలు నడిచి వచ్చి అక్కడి బుల్లి పెంగ్విన్లను చంపేసేవి. వందల్లో ఉండే పక్షులు 2005 నాటికి పదికి లోపే మిగిలాయి. ఒక కోళ్ల రైతు సలహాతో 2006లో మరెమ్మా జాతి కుక్కల్ని కాపలా పెట్టారు. నక్కలు రావడం ఆగింది, పెంగ్విన్లు మళ్లీ పెరిగాయి. ఇటలీలో గొర్రెల్ని కాయడానికి పెంచిన ఈ జాతిలో తరిమి చంపే మెట్లు బాగా అణగారి ఉంటాయి. పైగా కూనలుగా ఉన్నప్పటి నుంచే తాము కాచే జంతువుల మధ్య పెంచుతారు.

మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా

అమెరికా పరిశోధకులు జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో వెలువరించిన గ్రంథం కుక్కపిల్ల జీవితంలో మూడు నుంచి పన్నెండు వారాల వయసు ఎంత ముఖ్యమో చెప్పింది. ఆ రోజుల్లో ఎవరి మధ్య తిరిగితే వాళ్లను తనవాళ్లుగా స్వీకరిస్తుంది. ఇంట్లో పిల్లి, కోళ్లు, కుందేళ్లు ఉంటే వాటిని అప్పుడే పరిచయం చేయాలి. అయితే ఒక హెచ్చరిక. మన ఇంటి పిల్లిని నాకే కుక్క పొరుగింటి పిల్లిని తరమదని హామీ లేదు. దానికి తెలిసింది ఆ ఒక్క పిల్లే.

పట్టిన ఎలుకతో ముప్పు

ఎలుక మందు తిన్న ఎలుక మత్తుగా తిరుగుతూ సులువుగా దొరుకుతుంది. దాన్ని తింటే కుక్కకూ విషం ఎక్కుతుంది. బ్రోమాడయోలోన్ రకం మందు రక్తం గడ్డకట్టనివ్వదు. లక్షణాలు కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడవు. త్వరగా వెళితే పశువైద్యుడు విటమిన్ కె1తో కాపాడగలడు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులో విషవాయువుగా మారుతుంది, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఎలుకల మూత్రం ద్వారా సోకే ఎలుక జ్వరం కుక్కకూ, దాని నుంచి మనకూ రావచ్చు, కాబట్టి టీకా తప్పనిసరి. బోదురుకప్పను కరిచి నురగలు కక్కుతుంటే తల కిందికి వంచి, నీళ్లు మింగకుండా నోరు కడిగి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ముంగిసతో పెనుగులాడి గాయపడితే రేబిస్ టీకా సంగతి వైద్యుడితో మాట్లాడాలి. పాము కరిస్తే నాటు మందుల జోలికి పోకండి. మనుషులకు వాడే విషవిరుగుడు మందే కుక్కలకూ ఇస్తారు.

చట్టం ఏమంటుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. అడవి కుందేలు మీదికి, ఉడుము మీదికి, నెమలి మీదికి సరదాగా కుక్కను ఉసిగొల్పడం నేరం. ఇంగ్లండ్, వేల్స్‌లలోనూ కుక్కలతో నక్కల్ని వేటాడటాన్ని 2004లో చట్టం చేసి నిషేధించారు. అది 2005 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి వచ్చింది.

పరుగుకు దారి చూపండి

వేట మెట్లలో హాని లేనివాటిని ఆటగా ఇవ్వడం అన్నిటికన్నా మేలైన పద్ధతి. కర్రకు తాడు కట్టి, తాడు చివర గుడ్డముక్క తగిలించి నేల మీద ఈడ్చండి. తరమడం, పట్టడం, విదిలించడం అన్నీ తీరిపోతాయి. ముక్కు బలమైన కుక్కకు ఇంట్లో తినుబండారం దాచి వెతికించండి. అమెరికాలో బార్న్ హంట్ పేరుతో జరిగే పోటీల్లో ఎలుకల్ని గాలి ఆడే గొట్టాల్లో భద్రంగా పెట్టి గడ్డి మోపుల మధ్య దాస్తారు. కనిపెట్టడం వరకే కుక్క వంతు, ఎలుకకు గీత కూడా పడదు. షికారులో పొడవాటి తాడు వాడండి. పిలవగానే వచ్చిన ప్రతిసారీ దానికి బాగా ఇష్టమైన ముక్క పెట్టండి. ఉడుతను చూసి కూడా మీ వైపు తిరిగిందంటే, అది పెద్ద విజయం. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో, గుడ్లు పొదిగే చోట్ల గొలుసు అసలు విప్పకండి.

చిక్కం కట్టిన ముక్కు

1890లలో న్యూజిలాండ్ నైరుతి కొసన రిజల్యూషన్ దీవిలో రిచర్డ్ హెన్రీ అనే ప్రభుత్వ సంరక్షకుడు ఉండేవాడు. కకాపో, కివీ పక్షుల్ని అప్పటికి శత్రువులు చేరని దీవులకు తరలించడం ఆయన పని. చీకట్లో తిరిగే ఆ పక్షుల్ని వెతకడానికి మూతికి చిక్కం కట్టిన కుక్కను వెంట తీసుకెళ్లాడు. అలా వందల పక్షుల్ని పట్టి తరలించాడు. అదే పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా పాకింది. దక్షిణ జార్జియా దీవిలో ఎలుకల్ని పూర్తిగా నిర్మూలించామని 2018లో ప్రకటించడానికి ముందు, మూడు శిక్షణ పొందిన కుక్కలు 1,600 కిలోమీటర్లకు పైగా గాలించాయి. ఒక్క ఎలుకా తగల్లేదు. నేల మీద గూడు పెట్టే సముద్రపు పక్షులకు ఆ దీవి మళ్లీ భద్రమైంది. వైటాంగీలో కివీల్ని చంపిన కుక్కకూ, ఈ కుక్కలకూ పుట్టుకలో తేడా లేదు. తేడా వాటిని పెంచిన మనుషుల్లో ఉంది. కుక్కను తెచ్చుకున్న రోజునే దాని ముక్కు, కాళ్లు, పళ్లు చేసే పనులకు కూడా పూచీ మనదవుతుంది.