సీనియరు ఎవరు? సారు ఎవరు?

భద్రాచలం ఏజెన్సీలో ఏ కచేరీ గుమ్మం దగ్గర కాసేపు నిలబడినా ఒక మాట వినపడుతుంది. "సార్!" డెబ్బై ఏళ్ల తాత చేతికర్ర గోడకానించి, పాతికేళ్ల గుమాస్తాను "సార్" అని పిలుస్తాడు. ఆ గుమాస్తా తాత కాగితం చూసి "సీనియర్ సిటిజన్" అని రాసుకుంటాడు. నిజానికి ఈ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే.

పూర్వపు లాటిన్ భాషలో "సెనెక్స్" అంటే ముసలివాడు. "సీనియర్" అంటే వయసులో ఇంకొకరికంటే పెద్దవాడు. ఆ మాటే ఫ్రెంచివాళ్ల నోట "సీర్" అయి, దొర అనే అర్థం తెచ్చుకుంది. ఇంగ్లీషువాళ్ల దగ్గర "సర్" అయింది. మన ఊరికి వచ్చేసరికి "సారు" అయింది. వయసును చెప్పే మాట అలా హోదాను చెప్పే మాటగా మారిపోయింది.

ఇది మనకు వింతేమీ కాదు. మన "పెద్ద" కూడా అలాంటిదే. ఇంటి పెద్ద వయసు వల్ల పెద్ద. ఊరి పెద్ద మాట చెల్లుబాటు వల్ల పెద్ద. కొండరెడ్ల పల్లెల్లో పెద్దకాపు పదవి తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. కొడుకు ఈడులో చిన్నవాడైనా ఊరికి పెద్దకాపే.

సర్కారు కొలువులో జూనియర్ అసిస్టెంటు పైన సీనియర్ అసిస్టెంటు ఉంటాడు. అక్కడ తల నెరిసిందా లేదా అని ఎవరూ చూడరు. ముందు చేరిన ముప్పై ఏళ్లవాడు, వెనక చేరిన నలభై ఏళ్లవాడికి సీనియరే. కాలేజీలో ఒక్క ఏడాది ముందున్నవాడూ సీనియరే. కోర్టులో "సీనియర్ అడ్వకేటు" అన్నది 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద సుప్రీంకోర్టు గాని హైకోర్టు గాని ఇచ్చే హోదా. ఏళ్లు నిండినంత మాత్రాన అది రాదు.

కేవలం వయసు చూసి సీనియర్ అనే చట్టం ఒకటుంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం అది. దాని ప్రకారం 60 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడూ సీనియర్ సిటిజనే. కన్నబిడ్డలు కూడు పెట్టకపోతే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. చివరిదాకా చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక చూడటం మానేస్తే, ఆ దానపత్రం చెల్లదని ప్రకటించమని కోరవచ్చు.

అడవి అంచున ఉన్నవాళ్లు గుర్తుంచుకోవలసిన చట్టం ఇంకొకటి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం. పోడు భూమికి హక్కు అడిగేవారు 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ ఆ భూమి మీద ఉన్నట్టు చూపాలి. గిరిజనులు కానివారైతే, ఆ తేదీకి వెనక 75 ఏళ్లుగా, అంటే 1930 నుంచీ తమ కుటుంబం అడవినే నమ్ముకుని అక్కడే బతికినట్టు చూపాలి. అంత పాత కాగితం ఏ గుడిసెలో ఉంటుంది?

అందుకే ఆ చట్టం నియమాలు ఊరి వృద్ధుల మాటను సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. అయితే రెండు సంగతులు మరవకూడదు. చెప్పే పెద్ద ఆ భూమికి అర్జీ పెట్టినవాడు కాకూడదు. చెప్పింది రాతలో ఉండాలి. ఆ ఒక్క సాక్ష్యమే చాలదు. పాత బావి, పొలం గట్టు, సమాధులు, దేవర చోటు, సర్కారు రికార్డు వంటి మరో ఆధారమూ తోడుండాలి.

కచేరీ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడే తాత ఈ ఒక్క చోట తానే సాక్షి. ఎవరి తాత ఏ చెలక కొట్టాడో, ఏ వాగు పక్కన ఊరు ఉండేదో ఆయన నోటే ఉంది. సారు సంతకం కోసం పది రోజులు తిరగడం మనకు అలవాటే. తాత దగ్గర ఒక్క పూట కూర్చుని ఆ సంగతులు రాయించుకోవడమే వాయిదా వేస్తున్నాం. ఆయన ఉండగానే, గ్రామసభ ముందే ఆ పని కానివ్వండి.