గోంగూర దొరకని ఊళ్లో పప్పు

మనలో చాలామంది ఎమ్మెస్‌కో, ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కో జర్మనీ వైపు చూస్తున్నారు కదా. వీసా గురించి చెప్పే సీనియర్లు బోలెడంతమంది ఉన్నారు. తిండి సంగతి అడిగితే మాత్రం "అక్కడ అన్నీ దొరుకుతాయిలే" అని తేల్చేస్తారు. దొరుకుతాయి, నిజమే. ఏ పేరుతో దొరుకుతాయన్నదే అసలు సమస్య.

పోయిన ఏప్రిల్ నుంచి జులై దాకా నేను అక్కడి హాస్టల్లో ఉన్నాను. మాది చికెన్ లేకపోతే అసలు ఆదివారమే కాదనుకునే ఇల్లు. నా పక్క గదిలో గుడ్డు కూడా ముట్టని రాజమండ్రి కుర్రాడు. ఎదురు గదిలో ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ ఏవీ తినని అహ్మదాబాద్ జైన అమ్మాయి. రెండు వారాలు బ్రెడ్డు, అరటిపళ్లతో గడిపాక రాజమండ్రి వాడు రిటర్న్ టికెట్ రేట్లు చూడటం మొదలుపెట్టాడు. ఇండియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తే వెజ్ పేజీ మొత్తం పనీరూ క్రీమూ. రోజూ తినే తిండి కాదది, రేటూ మనకి అందేది కాదు. ఇక ముగ్గురం కలిసి వండుకోవాల్సి వచ్చింది.

ముందు లేబుల్ చదవడం నేర్చుకోవాలి. మన దగ్గర ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూస్తే చాలు, అది వేయడం చట్టప్రకారం తప్పనిసరి. యూరప్‌లో అలాంటి తప్పనిసరి గుర్తు లేదు. 'వి-లేబుల్' లాంటివి కంపెనీలు ఇష్టమైతే వేసుకుంటాయి. పైగా అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండొచ్చు. అయితే ఒక చిట్కా ఉంది. అలర్జీ తెచ్చే 14 రకాల పదార్థాల్ని లిస్టులో కొట్టొచ్చినట్టు కనిపించేలా ప్రింట్ చేయాలని రూల్. గుడ్డు అందులో ఒకటి. ఈ, ఐ అనే రెండక్షరాలు లావుగా కనిపిస్తే అదే గుడ్డు. జెలటిన్ మాత్రం ఆ 14లో లేదు. అందుకే మామూలు అక్షరాల మధ్య దాక్కుని ఉంటుంది, గమ్మీ బేర్లలో, కొన్ని పెరుగు డెజర్ట్‌లలో. చీజ్ మీద 'లాబ్' అని ఉంటే అది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ కావొచ్చు. అసలు సిసలు పార్మిజానో రెజ్జానో అయితే 'కావొచ్చు' కాదు, అదే.

ఇప్పుడు పప్పు. కంది కోసం ఏషియన్ షాపు దాకా పోవాలి. కానీ మామూలు సూపర్‌మార్కెట్‌లోనే 'రోటే లిన్సెన్' ఉంటుంది, అది మన ఎర్ర మసూర్ పప్పే. కుక్కర్ అక్కర్లేదు, నానబెట్టక్కర్లేదు, పావుగంటలో మెత్తబడుతుంది. మా క్లాసులో టర్కీ అబ్బాయి అదే పప్పుతో సూప్ చేసి, నిమ్మకాయ పిండి పెట్టాడు. "ఇది పప్పుచారే రా!" అన్నాడు మా రాజమండ్రి వాడు.

మన పప్పుని నేనొక ఫంక్షన్‌లా చూస్తాను (కోడర్ బుద్ధి!). పప్పు, పులుపు, పోపు, అంతే. పులుపు దగ్గర గోంగూర వేస్తారా, మామిడికాయా, టమాటానా అన్నది మీ ఇష్టం. జర్మనీలో ఆ చోట్లో కూర్చునేది రబార్బ్. ఎర్రటి కాడలు, కట్టలు కట్టి అమ్ముతారు, జూన్ చివరిదాకా సీజన్. వాళ్లు దాంట్లో బోలెడు చక్కెర పోసి కేక్ చేస్తారు. మేం ముక్కలు కోసి, పచ్చిమిర్చితో విడిగా ఐదు నిమిషాలు మగ్గించి, ఉడికిన పప్పులో కలిపాం. పుల్లగా, కొంచెం గోంగూర, కొంచెం మామిడి! రెండు జాగ్రత్తలు. ఆకులు విషం, కాడలు మాత్రమే వాడాలి. పులుపు మొదట్లోనే వేస్తే పప్పు సరిగా ఉడకదు, అందుకే చివర్లో.

పోపులో మా జైన ఫ్రెండ్ చెప్పినట్టు వెల్లుల్లి మానేసి ఇంగువ వేశాం. వెల్లుల్లి లేని పప్పు ఏం బాగుంటుందని అడిగినవాణ్ని నేనే. తర్వాత మూడో వడ్డన అడిగిందీ నేనే. ఎండుమిర్చి ఘాటుకి మాత్రం హాస్టల్ స్మోక్ అలారం మోగింది. అప్పట్నుంచి కిటికీ తీసి, స్టవ్ తగ్గించి, వేయగానే మూత.

ప్యాకింగ్ గురించి కూడా చెప్పేస్తా. ఇంగువ, ఆవాలు, ఎండుమిర్చి పట్టుకెళ్లండి. నెయ్యి వద్దు. ఇండియా నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు ఈయూలోకి తేకూడదు, అమ్మ పెట్టిన సీసా ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. అక్కడ 'బట్టర్‌ష్మాల్ట్స్' అని అడగండి. అదీ వెన్న కాచినదే. వాసన మన నెయ్యంత రాదు గానీ, వేడన్నంలో రబార్బ్ పప్పు మీదికి సరిపోతుంది. ఆదివారం షాపులు మూసేస్తారు, శనివారమే కొని పెట్టుకోండి.